కోతుల జ్వరం: క్యాసనూరు అడవి వ్యాధి పరిశోధన చరిత్ర

పశువులున్న ఇంట పుట్టి పెరిగినవారికి పిడుదును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. ఎద్దు చెవి అడుగున, గంగడోలు ముడతలలో, ఆవు పొదుగు పక్కన కరచి పట్టుకొని, రక్తము తాగి ఉబ్బి ఉండే చిన్న జీవి అది. కడుపు నిండిన పిడుదు అచ్చముగా ఆముదపు గింజవలె కనిపించును. ఆముదపు మొక్కకు వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన ‘రిసినస్’ అనే పేరుకు లాటిన్ భాషలో పిడుదు అని అర్థము. ఆ పోలికను బట్టియే ఆ పేరు వచ్చినది.

పిడుదును చాలామంది పురుగుల జాబితాలో చేర్చుదురు. కాని కీటకములకు ఆరు కాళ్లు; పెరిగిన పిడుదుకు ఎనిమిది. సాలెపురుగు, తేలు మొదలైనవి దీని చుట్టములు. పశువు రక్తము పీల్చి దానిని నీరసింపజేయుట ఒక్కటే ఇది చేసే కీడు అనుకొనుట పొరపాటు. దీని నోటినుండి మనిషికి ప్రాణాంతకమైన వ్యాధులు కూడా సంక్రమించును. అట్టి వ్యాధి ఒకటి మన దక్షిణ దేశములోనే, మన కళ్లయెదుటనే బయటపడినది. దాని గుట్టు విప్పుటకు శాస్త్రజ్ఞులు పడిన పాట్లు, ఆ గుట్టు పూర్తిగా విడిన తరువాత కూడా మిగిలిపోయిన చిక్కులు విద్యార్థులు తెలిసికొనదగినవి.

అడవిలో చావులు

1957 మార్చి నెల. అప్పటి మైసూరు రాష్ట్రములో, పడమటి కనుమల అంచున ఉన్న షిమోగా జిల్లా సొరబ తాలూకాలో క్యాసనూరు అనే అడవి ఉన్నది. ఆ అడవిలో కోతులు చచ్చి పడి ఉంటున్నవని వార్త వచ్చినది. నల్లమూతి కొండముచ్చులు, మామూలు కోతులు రెండును చచ్చుచుండెను. అదే రోజులలో ఆ చుట్టుపట్ల గ్రామములలో జనులకు తీవ్రమైన జ్వరము పట్టుకొన్నది. హఠాత్తుగా చలితో జ్వరము, భరింపరాని తలనొప్పి, నడుము, పిక్కలలో నొప్పులు, కండ్లు ఎర్రబడుట, వాంతులు. కొందరికి ముక్కునుండి, చిగుళ్లనుండి, పేగులనుండి రక్తస్రావము. మొదట దానిని టైఫాయిడ్ వంటి జ్వరముగా భావించారు. కాని ఆ చికిత్సకు అది లొంగలేదు. అంతకు ముందు సంవత్సరము కూడా ఇట్టి జ్వరములు కొన్ని వచ్చినట్లు తరువాత విచారణలో తెలిసినది.

ఆ ఊళ్ల వారు చదువుకొన్నవారు కాకపోవచ్చును. కాని అడవిలో కోతి చచ్చుటకు, ఇంటిలో మనిషి మంచము పట్టుటకు ఏదో సంబంధము ఉన్నదని వారే ముందుగా గ్రహించారు. కన్నడములో మంగ అనగా కోతి. వారు ఈ జబ్బును ‘మంగన కాయిలె’ అని పిలిచారు. ఈనాటికీ అక్కడ ఆ పేరే వాడుకలో ఉన్నది. తరువాత శాస్త్రజ్ఞులు ఎన్నో ఏండ్లు శ్రమపడి నిరూపించిన విషయమునకు బీజము ఆ రెండు మాటలలో ఉన్నది.

పుణెలో 1952లో భారత వైద్య పరిశోధన మండలి, అమెరికాకు చెందిన రాక్‌ఫెల్లర్ సంస్థ కలిసి వైరస్ పరిశోధన కేంద్రమును స్థాపించాయి. నేడు జాతీయ వైరాలజీ సంస్థ అని పిలిచేది దానినే. 1978లో ఆ పేరు పెట్టారు. కోతుల చావు సంగతి తెలియగానే ఆ కేంద్రమువారు ఉలిక్కిపడ్డారు. కారణమేమన, దక్షిణ అమెరికా అడవులలో కోతులు గుంపులుగా చచ్చుట ఎల్లో ఫీవర్ రాకకు గుర్తు. మన దేశములో ఆ వ్యాధి లేదు. కాని దానిని మోసే ఈడిస్ దోమ మాత్రము ఊరూరా ఉన్నది. టీకా లేని కోట్లకొలది జనుల మధ్య ఆ వైరస్ అడుగుపెట్టినచో పరిణామము ఊహించుటకే భయంకరము. కేంద్రమునకు అప్పుడు డైరెక్టరుగా ఉన్న టెల్‌ఫర్డ్ వర్క్, ఆయన సహచరుడు హెరాల్డ్ ట్రాపిడో తమ బృందముతో ఆ అడవి దారి పట్టారు.

వారి ముందు నాలుగు ప్రశ్నలు నిలిచినవని చెప్పవచ్చును. ఈ జబ్బుకు కారణమైన క్రిమి ఏది? దానిని మనిషికి తెచ్చి అంటించునది ఏది? జబ్బు కనబడని నెలలలో ఆ క్రిమి ఎక్కడ దాగి ఉండును? అన్నిటికంటె కష్టమైనది నాలుగవది: అనాదిగా ఉన్న అడవిలో ఈ జబ్బు ఇప్పుడే ఎందుకు తలయెత్తినది?

మొదటి ప్రశ్న: క్రిమి ఏది?

వైరస్ సాధారణ సూక్ష్మదర్శినికి కనబడదు. గాజుపాత్రలోని పోషక పదార్థముపై బాక్టీరియావలె పెరగదు. దానికి బ్రతికి ఉన్న కణము కావలెను. అందుచేత ఆనాటి శాస్త్రజ్ఞులు రోగుల రక్తమునుండి, అప్పుడే చచ్చిన కోతుల అవయవములనుండి ద్రవమును తీసి, పాలు తాగే వయసు చిట్టెలుకల మెదడులోనికి ఎక్కించెడివారు. కొద్ది దినములలో ఎలుకపిల్లలు జబ్బుపడినచో, వాటి మెదడులో వైరస్ పెరిగినదన్నమాట.

క్యాసనూరునుండి తెచ్చిన నమూనాలలో వైరస్ దొరికినది. రోగులలోను, కోతులలోను ఉన్నది ఒకటే వైరస్ అని తేలినది. తెలిసిన వైరస్‌లకు వ్యతిరేకముగా తయారైన ప్రతిరక్షకములతో దానిని ఒక్కొక్కటిగా పరీక్షించారు. అది ఎల్లో ఫీవర్ కాదు. ఊపిరి పీల్చుకొనవలసిన వార్తయే. కాని వెంటనే ఆశ్చర్యము కలిగించే మరియొక సంగతి బయటపడినది: ఈ వైరస్ వేలమైళ్ల దూరములో, మంచుదేశమైన సైబీరియా ప్రాంతములో వచ్చే ఒక మెదడువాపు జ్వరపు వైరస్‌కు దగ్గరి చుట్టము.

ఇక్కడ ఆ పాత కథ కొంత చెప్పుకొనక తప్పదు. సోవియట్ దూరప్రాచ్యములోని అడవులలో పనిచేసే కూలీలకు, సైనికులకు వసంత, గ్రీష్మ ఋతువులలో ఒక విధమైన మెదడువాపు జ్వరము వచ్చుచుండెను. 1937లో లెవ్ జిల్బర్ నాయకత్వమున ఒక శాస్త్రజ్ఞుల బృందము అక్కడికి వెళ్లినది. ఆ జ్వరమునకు కారణము వైరస్ అనియు, దానిని అంటించునది పిడుదు అనియు కొద్ది నెలలలోనే కనుగొన్నారు. ఆ విజయమునకు చెల్లించిన మూల్యము తక్కువది కాదు. బృందములోని యువ శాస్త్రజ్ఞుడు మిఖాయిల్ చుమకోవ్‌కు ఆ వ్యాధియే సోకి వినికిడి దెబ్బతిన్నది, కుడిచేయి పడిపోయినది. జిల్బర్‌ను ఆ సంవత్సరమే ప్రభుత్వము నిర్బంధించినది. అయినను వారి పరిశోధన నిలిచినది. ఇరువది ఏండ్ల తరువాత పడమటి కనుమలలో తడుముకొంటున్న వారికి అదియే దారిచూపు దీపమైనది.

రెండవ ప్రశ్న: మోసుకొని వచ్చునది ఏది?

సైబీరియా వైరస్‌ను పిడుదు మోసినప్పుడు, దాని చుట్టమును కూడా పిడుదే మోయుచుండవచ్చును. ఇది ఊహ మాత్రమే. ఊహను నిరూపించవలెను. పరిశోధకులు తెల్లని గుడ్డలను అడవి నేలమీద, పొదలమీద మెల్లగా లాగుచు పోయెడివారు. జంతువుకై పొంచి ఉన్న పిడుదు గుడ్డ తగలగానే దానిని పట్టుకొనును. అట్లు సేకరించిన వేలకొలది పిడుదులను జాతులవారీగా వేరుచేసి, నూరి, ఎలుకపిల్లలకు ఎక్కించి పరీక్షించారు. ‘హీమాఫిసాలిస్ స్పినిజెరా’ అనే జాతి పిడుదులలో వైరస్ మాటిమాటికి దొరికినది. ముఖ్యమైన వాహకము అదియే అని తేలినది.

ఈ పనిలో పాల్గొన్నవారిలో పలువురికి అడవిలోనో, ప్రయోగశాలలోనో ఆ జ్వరము సోకినది. మనము పాఠ్యపుస్తకములో ఒక్క వాక్యముగా చదివే సత్యము వెనుక ఇట్టి మనుషులున్నారని విద్యార్థులు మరువరాదు.

ఇక్కడ పిడుదు జీవితచక్రమును గూర్చి తెలిసికొనవలెను. గుడ్డునుండి వెలువడిన లార్వాకు ఆరు కాళ్లు ఉండును. అది ఒకసారి రక్తము తాగి, కుబుసము విడిచి, ఎనిమిది కాళ్ల నింఫ్ అగును. నింఫ్ ఇంకొకసారి రక్తము తాగి పెద్ద పిడుదుగా మారును. పెద్ద ఆడ పిడుదు మరల కడుపునిండ రక్తము తాగి, నేలమీద వేలకొలది గుడ్లు పెట్టి చనిపోవును. మన పశువులకు సాధారణముగా పట్టే పిడుదు ఈ మూడు దశలను ఒకే పశువు ఒంటిమీద గడుపును. క్యాసనూరు పిడుదు అట్లు కాదు. ప్రతి దశలోను ఒక జంతువును పట్టి, తాగి, నేలరాలి, కుబుసము విడిచి, తరువాత మరియొక జంతువుకై పొంచి ఉండును. అందుచేత లార్వాగా ఒక కోతినుండి తెచ్చుకొన్న వైరస్‌ను నింఫ్‌గా మరియొక కోతికో, మనిషికో అంటించగలదు. ఒకే ఇంట కాపురముండే దానికి, మూడిండ్లు తిరిగే దానికి ఉన్న భేదమిది.

మూడవ ప్రశ్న: వైరస్ దాగే చోటు

ఈ జ్వరము వర్షాకాలములో దాదాపు కనబడదు. డిసెంబరునుండి మే వరకు వచ్చును; జనవరినుండి మార్చి వరకు ఎక్కువ. దీనికి కారణము పిడుదు పంచాంగములోనే ఉన్నది. పెద్ద పిడుదులు వానకాలములో పశువుల మీద, పెద్ద జంతువుల మీద తాగును. వానలు వెనుకబట్టిన తరువాత లార్వాలు బయలుదేరును. చలికాలమునుండి వేసవి వరకు నింఫ్‌ల కాలము. మనిషిని ఎక్కువగా కరచునది ఈ నింఫే. అది ఎంతో చిన్నది. కరచిన సంగతి కూడా చాలామందికి తెలియదు. ఆ ఎండు నెలలలోనే గ్రామస్థులు కట్టెలకు, పశువుల మేపునకు, పోకతోటలకు కావలసిన ఆకు అలములకు అడవిలోనికి పోవుదురు. పిడుదు కాలము, మనిషి పని కాలము ఒకటే అగుట వారి దురదృష్టము.

అడవి ఎలుకలు, చుంచులు మొదలైన చిన్న జంతువులలో కూడా వైరస్ జాడలు కనిపించినవి. అవి పెద్దగా జబ్బుపడకుండ, లార్వాలకు రక్తమునిచ్చుచు వైరస్‌ను అడవిలో నిలిపి ఉంచునని భావించారు. ఒక పిడుదు ఒక దశనుండి మరియొక దశకు మారినప్పుడు వైరస్ దానిలోనే నిలిచి ఉండును. కాబట్టి అసలైన భాండాగారము పిడుదే అనవచ్చును.

మరి కోతి పాత్ర ఏమి? ఇది ఈ కథలో అన్నిటికంటె ముఖ్యమైన భాగము. జబ్బుపడిన కోతి రక్తములో వైరస్ విపరీతముగా పెరుగును. దాని ఒంటినిండ లార్వాలు పట్టి ఉండును. కోతి చచ్చి నేలబడగానే, ఒళ్లు చల్లబడినకొద్దీ ఆ పిడుదులన్నియు దానిని విడిచి చుట్టుపక్కల నేలమీద పరచుకొనును. కొద్ది రోజులలో ఆ కొద్దిపాటి స్థలము వైరస్ నిండిన నింఫ్‌ల గూడగును. అటు నడచిన మనిషికి ఆపద తప్పదు. అందుచేతనే చచ్చిన కోతిని కాల్చివేసి, దాని చుట్టు ఏబది అడుగుల మేర పిడుదులను చంపే మందు చల్లవలెనని నియమము ఏర్పడినది. మనిషినుండి మనిషికి ఈ జబ్బు సంక్రమించదు. మనిషి దీనికి దారి చివరి గోడ వంటివాడు.

నాలుగవ ప్రశ్న: ఇప్పుడే ఎందుకు?

సైబీరియాతో చుట్టరికము బయటపడినప్పుడు కొందరికి ఒక ఆలోచన తట్టినది. ప్రతి శీతకాలము ఉత్తరమునుండి మన దేశమునకు వలస వచ్చే పక్షులు తమ ఈకలలో పిడుదులను తెచ్చినవేమో! దీనిని పరీక్షించుటకే ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయముతో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము, సలీం అలీ ఆధ్వర్యమున పక్షులకు ఉంగరములు తొడిగి వాటి రాకపోకలను తెలిసికొనే పెద్ద పథకమును చేపట్టినది. వైరస్‌ను పక్షులు తెచ్చినట్లు ఋజువు కాలేదు. కాని మన దేశపు వలసపక్షులను గూర్చిన అమూల్యమైన జ్ఞానము దానివలన లభించినది. ఒకదానికై వెదకినప్పుడు మరియొకటి దొరకుట విజ్ఞానశాస్త్రములో తరచు జరుగునదే.

సరియైన దారిని చూపినవారిలో కొలంబియా దేశస్థుడైన హోర్హే బోషెల్ ఒకడు. తన దేశములో కట్టెలు కొట్టేవారు చెట్టును పడగొట్టినప్పుడు, కొమ్మల చివర బ్రతికే దోమలు గుంపుగా నేలకు దిగి వారిని కరచుట ఆయన చూచాడు. అడవిలోని ఎల్లో ఫీవర్ మనిషికి ఎట్లు అంటునో ఆ దృశ్యమువలన బోధపడినది. అడవిని కదిలించినప్పుడే అడవిలోని వ్యాధి మనిషిమీదికి దిగునని గ్రహించిన ఆ మనిషి క్యాసనూరు అడవిని చూచి, 1969లో తన వాదమును ప్రకటించాడు. జనాభా పెరిగి, సేద్యమునకై అడవి నరికారు. అడవి తునుకలు తునుకలైనది. నరికిన అంచులలో లాంటానా వంటి ముళ్లపొదలు అల్లుకొన్నవి. వాటిలో చిన్న జంతువులు, పిడుదులు చేరినవి. గ్రామముల పశువులు ఆ అడవిలోనే మేయుటకు పోయినవి. పశువుకు ఈ జబ్బు రాదు. కాని పెద్ద పిడుదులకు అది తరగని అన్నపు కుండ. ఒకప్పుడు అరుదైన అడవి జంతువులపై ఆధారపడిన పిడుదు, పశువుల మందలు వచ్చిన తరువాత లెక్కకు మించి పెరిగినది. వైరస్ అడవిలో ముందునుండియే సన్నగా తిరుగుచుండవచ్చును. దానిని పెనుజ్వాలగా రాజేసినది మనిషి చేసిన మార్పు.

ఈ వాదమునకు విషాదకరమైన సాక్ష్యము తరువాత వచ్చినది. 1982లో దక్షిణ కన్నడ జిల్లా బెళ్తంగడి ప్రాంతములో జీడిమామిడి తోటకై అడవిని నరికారు. ఆ వెంటనే కోతులు చచ్చినవి. కూలీలకు జ్వరము వచ్చినది. 1983లో 1,500 మందికి పైగా జబ్బుపడ్డారు. సుమారు 150 మంది మరణించారు. అడవిని చెరచినందుకు అక్కడి భూతములు కోపించినవని కొందరు గ్రామస్థులు చెప్పుకొన్నారు. మనము భూతములను నమ్మనక్కరలేదు. కాని కారణమును అడవి నరుకుటలో వెదకిన వారి చూపు తప్పుకాదు.

సమీప కాలములో వైరస్ జన్యుపదార్థమును చదువుట సాధ్యమైనది. సౌదీ అరేబియాలో 1995లో కనుగొన్న ‘అల్‌ఖుర్మా’ వైరస్ దీనికి అతి సన్నిహితమని తెలిసినది. వీటి మూలపురుషుడు ఒకటేననియు, అవి వేరుపడి కొన్ని వందల ఏండ్లయినవనియు ఒక అంచనా. అనగా ఈ వైరస్ 1957లో పుట్టినది కాదు. 1957లో మనకు కనబడినది.

టీకా: ఆశ, నిరాశ

తొలి రోజులలో సైబీరియా జ్వరమునకు తయారైన టీకాను ఇక్కడి ప్రజలకు వేసి చూచారు. చుట్టములైన వైరస్‌లు కనుక పనిచేయుననుకొన్నారు. అది రక్షణ ఇవ్వలేదు. పిమ్మట క్యాసనూరు వైరస్‌నే కోడిపిండపు కణములలో పెంచి, ఫార్మలిన్‌తో చంపి, టీకా తయారుచేశారు. 1990-92 మధ్య జరిగిన పరిశీలనలో ఒక మోతాదు 79 శాతము, రెండు మోతాదులు 93 శాతము వరకు రక్షణ ఇచ్చినట్లు లెక్కతేలినది. కాని 2005-2010 మధ్యకాలపు లెక్కలను పరిశీలించినప్పుడు రెండు మోతాదుల రక్షణ 62 శాతమునకు దిగినట్లు, మధ్యమధ్య మరల వేసికొన్నవారికే 83 శాతము ఉన్నట్లు బయటపడినది. సూదిమందు నొప్పికి వెరచి చాలామంది తరువాతి మోతాదులకు రాలేదు. టీకా బలము క్షీణించినదని తేలి, 2022లో దానిని వేయుట నిలిపివేశారు.

ఇంతలో వ్యాధి షిమోగా ఎల్లలు దాటినది. 2012లో చామరాజనగర జిల్లా బండీపురములోను, 2013లో కేరళలోని వయనాడులోను, 2015లో గోవాలోను, 2016లో మహారాష్ట్రలోని సింధుదుర్గ జిల్లాలోను రోగులు కనబడ్డారు. దానిని గుర్తించే పరీక్షలు పెరుగుటవలన కొంత, వ్యాధి వ్యాపించుటవలన కొంత ఇట్లు జరిగియుండును. దీనికి ప్రత్యేకమైన మందు నేటికిని లేదు. ద్రవములు ఇచ్చి, రక్తస్రావమును కనిపెట్టుచు, రోగి శరీరమునకు తోడ్పడుటయే చికిత్స. జబ్బుపడినవారిలో నూటికి ముగ్గురునుండి ఐదుగురు వరకు మరణింతురు. మిగిలినవారు కోలుకొనుటకు వారములు పట్టును. అడవికి పోవువారు ఒంటికి పిడుదులను తరిమే తైలము పూసికొనవలెను. ఇంటికి రాగానే వేడినీళ్లతో స్నానము చేసి బట్టలను ఉతుకవలెను.

భారత వైద్య పరిశోధన మండలి కొత్త టీకాను రూపొందించే పనిని హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థతో కలిసి చేపట్టినది. పశువుల టీకాలకు పేరు పొందిన సంస్థ, పశువుల పిడుదునుండి వచ్చే మనిషి జబ్బుపై పనిచేయుట సముచితముగా ఉన్నది.

మనము నేర్వదగినది

ఆరు దశాబ్దములకు పైబడిన ఈ చరిత్రలో వైరస్‌ను పట్టుకొనుటకు నెలలు చాలినవి. వాహకమును గుర్తించుటకు కొద్ది సంవత్సరములు చాలినవి. నాలుగవ ప్రశ్నకు సమాధానము కూడా దాదాపు దొరికినది. కాని ఆ సమాధానమును పాటించుట మాత్రము ఇంకను జరుగలేదు. కట్టెలు కావలెను, పశువులు మేయవలెను, పూట గడవవలెను. అడవిలోనికి పోవద్దని పేదవానికి చెప్పుట సులభము. పోనక్కరలేని బ్రతుకును చూపుట కష్టము. ఇది ప్రయోగశాలలో తేలే సమస్య కాదు.

ఉపాధ్యాయులు ఈ కథను తరగతిలో చెప్పినప్పుడు ఒక్క సంగతిని నొక్కి చెప్పవలెనని నా మనవి. ఇంత పెద్ద పరిశోధనకు నాంది, అడవిలో చచ్చి పడిన ఒక కోతిని చూచి ‘ఇది ఎందుకు చచ్చినది?’ అని ఎవరో అడుగుటయే. ఆ ప్రశ్న అడుగుటకు సూక్ష్మదర్శిని అక్కరలేదు. అడవి పక్క ఊళ్ల బాలబాలికలు చచ్చిన కోతిని చూచినచో దానిని తాకక, వెంటనే పెద్దలకు, ఆరోగ్యశాఖవారికి తెలిపినచో చాలును. ఆ ఒక్క మాటవలన ఒక ఊరు ఆ ఏడు జ్వరమును తప్పించుకొనవచ్చును.